బీ2 గ్రేడు కింద దాగిన మూడో తరగతి: ఒక ప్రమోషన్ కేసు

గాజువాక వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల. తొమ్మిదో తరగతి గణితం. ఒక అమ్మాయికి ఎఫ్ఏ-1లో (నిర్మాణాత్మక మూల్యాంకనం, అంటే ఏడాది పొడవునా బడిలోనే వేసే మార్కులు) 50కి 31, ఎఫ్ఏ-2లో 32 వచ్చాయి. రెండింటికీ గ్రేడు బీ2. అదే అమ్మాయికి ఎస్ఏ-1లో (సంగ్రహణాత్మక మూల్యాంకనం, అంటే పెద్ద రాతపరీక్ష) 80కి 14. అన్నిటికంటే కింది గ్రేడు డీ2. మధ్యలో జబ్బు చేయలేదు, బడి మానలేదు, పరీక్ష రోజు ఆలస్యంగా రాలేదు. ఒకే పిల్ల, ఒకే సబ్జెక్టు, ఒకే టీచరు. కొద్ది వారాల తేడాలో 62 శాతం కాస్తా 17.5 శాతం ఎలా అయింది? ఈ అమ్మాయిని పదో తరగతికి పంపాలా, ఆపాలా?

కేసులోని అమ్మాయి ఒక్క మనిషి కాదు. విశాఖ శివారు బడుల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే రికార్డులను కలిపి ఒక్క కార్డుగా రాసినది. మార్కులు లెక్క చూపడానికి పెట్టినవి. లెక్క అంతా సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) పద్ధతిలోనే నడుస్తుంది: ఏడాదికి నాలుగు ఎఫ్ఏలు, ఒక్కొక్కటి 50 మార్కులు, వాటి మొత్తాన్ని 20కి కుదించి, 80 మార్కుల చివరి ఎస్ఏతో కలిపేవారు. తర్వాతి సంవత్సరాల్లో అంకెలు మారాయి. 2019-20 నుంచి పదో తరగతికి ఇంటర్నల్ మార్కులు తీసేశారు. 2022-23లో 1 నుంచి 8 తరగతులకు ఓఎంఆర్ షీట్లతో సీబీఏ (తరగతి గది ఆధారిత మూల్యాంకనం) వచ్చింది. కాబట్టి ఏ బడి అయినా ఆ ఏటి సర్క్యులర్ చూసుకునే లెక్క వేసుకోవాలి. కానీ ఇక్కడ జరిగిన పొరపాటుకు అంకెల పంపకంతో పని లేదు. ఏ పద్ధతిలోనైనా అది అలాగే జరుగుతుంది.

31 మార్కులు ఎక్కడి నుంచి వచ్చాయి

ఎఫ్ఏలో నాలుగు సాధనాలు ఉంటాయి. పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలకు 10, రాత అంశాలకు 10, ప్రాజెక్టు పనికి 10, లఘు పరీక్షకు (స్లిప్ టెస్టు) 20. ఎఫ్ఏ-1లో ఈ అమ్మాయి మార్కులు విడదీస్తే 9, 9, 9, 4. ఎఫ్ఏ-2లో 9, 9, 9, 5. అంటే మొదటి మూడింటిలో 30కి 27. పిల్ల ఒంటరిగా కూర్చుని రాసిన స్లిప్ టెస్టులో 20కి 4.

రిజిస్టరులో తరగతి మొత్తం చూస్తే సంగతి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మొదటి మూడు గడులలో అందరికీ 8 లేదా 9. తేడా అంతా నాలుగో గడిలోనే. ఏ గడిలోనైనా తరగతి మొత్తానికి ఒకే అంకె ఉంటే ఆ గడి ఎవరినీ కొలవలేదని అర్థం. హెడ్మాస్టర్లు ఎఫ్ఏ రిజిస్టరు మీద సంతకం పెట్టే ముందు మొత్తం మార్కులను కాక, ఈ గడులను నిలువుగా చదవాలి. దానికి తరగతికి 5 నిమిషాలు చాలు.

ఆ 9లు ఎవరో చెడుబుద్ధితో వేసినవి కావు. రాత అంశాలకు నోటుబుక్కు చూశారు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, మార్జిన్లు గీసి ఉన్నాయి, అన్ని లెక్కలూ ఉన్నాయి. అయితే ఆ లెక్కలన్నీ బోర్డు మీది నుంచి దించుకున్నవే. ప్రాజెక్టు చార్టుకు బొమ్మలు జిరాక్స్ షాపులో తీసుకుని అతికించారు. భాగస్వామ్యం అంటే క్లాసులో అల్లరి చేయకపోవడం అన్నట్టుగా మార్కు పడింది. దానికి తోడు, ఆన్‌లైన్‌లో మార్కులు ఎక్కించే గడువు రేపటితో అయిపోతుందనగా 60 మంది పిల్లలకు నాలుగు గడులు నింపాలి. తక్కువ వేస్తే ఎందుకు తక్కువో చెప్పాలి, 9 వేస్తే ఎవరూ అడగరు.

కార్డులను వెనక్కి తిప్పితే

ఈ కేసులో మొదటి పనిగా పాత ప్రోగ్రెస్ కార్డులు, టీసీలు, హాజరు పట్టీలు ముందు పెట్టుకుని తొమ్మిది నుంచి ఒకటి వైపు చదివారు. పద్ధతి చిన్నదే అయినా చాలా బడుల్లో జరగదు. పాత కార్డు ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంటుంది, బడిలో ఈ ఏటిది మాత్రమే ఉంటుంది.

ఏడో తరగతి కార్డు దగ్గర ఆగాలి. ఆ ఏడు గణితంలో నాలుగు ఎఫ్ఏలు 31, 32, 31, 32. మొత్తం 200కి 126, ఇరవైకి కుదిస్తే 12.6. చివరి ఎస్ఏలో 80కి 22. మొత్తం 34.6, సవరిస్తే 35. అప్పటి స్కేలులో 35 నుంచి 40 వరకు డీ1, 34 వరకు డీ2. ఆ ఎస్ఏ ఒక్కదాన్నే శాతంగా చూస్తే 27.5, అంటే డీ2. బోర్డు మీది లెక్కలు దించుకున్న నోటుబుక్కు, అతికించిన చార్టు కలిసి పిల్లను గీత దాటించాయి. కూడికలో తప్పేమీ లేదు. గడులలో పడిన అంకెలే తప్పు.

నిజానికి ఏడులో ఆ గీతకు ప్రమోషన్‌తో సంబంధం లేదు. డీ2 వచ్చినా ఎనిమిదికి వెళ్ళేదే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టం 16వ సెక్షన్, ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు ఏ పిల్లనూ అదే తరగతిలో ఆపకూడదని చెప్పింది. 2019 సవరణ 5, 8 తరగతుల చివర పరీక్ష పెట్టి, తప్పినవారికి అదనపు బోధన ఇచ్చి, రెండు నెలల్లో మళ్ళీ పరీక్ష పెట్టి, అప్పుడూ తప్పితే ఆపే అధికారాన్ని ప్రభుత్వాలకు వదిలింది. కేంద్రం 2024 డిసెంబరులో తన బడులకు ఆ నియమాలు నోటిఫై చేసింది కాబట్టి, ఇదే విశాఖలో కేంద్రీయ విద్యాలయంలో చదివే ఎనిమిదో తరగతి పిల్లకూ, పక్క వీధిలోని రాష్ట్ర ప్రభుత్వ బడి పిల్లకూ లెక్క వేరు. కేంద్ర ప్రభుత్వ బడి నుంచి రాష్ట్ర బడికి, ఇటు నుంచి అటు పిల్లలను మార్చే తల్లిదండ్రులు ముందుగా అడిగి తెలుసుకోవలసింది ఈ తేడానే.

ఇలా తరగతిలో ఆపకపోవడాన్ని, అంటే నాన్-డిటెన్షన్‌ను, ‘పరీక్ష లేదు’ అని చాలామంది అర్థం చేసుకున్నారు. ఏడో తరగతి కామన్ పరీక్ష రాసిన తరం తల్లిదండ్రులు మరీను. చట్టంలో 16వ సెక్షన్ ఉన్నట్టే 29వ సెక్షన్ కూడా ఉంది. పిల్ల ఎంత అర్థం చేసుకుంది, దాన్ని ఎంత వాడగలదు అన్నది నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని అది చెబుతుంది. ఆపవద్దన్న మాటను అందరూ పట్టుకున్నారు. కొలవమన్న మాట కాగితం మీదే మిగిలింది. మా దృష్టిలో నాన్-డిటెన్షన్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం నిజానికి ఈ రెండో మాట జారిపోవడం వల్ల వచ్చినవే.

ఆరో తరగతి ఒక చిన్న ప్రైవేటు బడిలో గడిచింది. ఆ ఏడాది కార్డులో అన్నీ 80 పైనే. అక్కడి ప్రశ్నపత్రాలు దొరకలేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టారు. నాలుగు, ఐదు తరగతుల కార్డులలో గ్రేడులు తప్ప ఇంకేమీ లేవు.

మూడో తరగతి రికార్డే అసలు ఆధారం. ఆగస్టు మూడో వారంలో చేరిక. అంతకుముందు ఒకటి, రెండు తరగతులు శ్రీకాకుళం జిల్లా పల్లెలో. తండ్రికి ఆటోనగర్‌లో పని దొరకడంతో కుటుంబం వచ్చింది. బడి జూన్ 12న తెరిచారు. పిల్ల చేరేటప్పటికి తరగతిలో మూడంకెల సంఖ్యల స్థానవిలువ, అప్పు తెచ్చుకునే తీసివేత అయిపోయాయి. రెండు తరగతులకు ఒకే టీచరు. వచ్చిన పిల్లకు వయసుకు తగ్గ తరగతిలో సీటు ఇచ్చారు, అది చట్టం ప్రకారం సరైనదే. కానీ అదే చట్టం 4వ సెక్షన్ వెనకబడ్డ పిల్లకు తోటివారితో సమానం కావడానికి ప్రత్యేక శిక్షణ పొందే హక్కు కూడా ఇచ్చింది. సీటు ఇచ్చారు, శిక్షణ ఇవ్వలేదు. పిల్ల ఎక్కాలు గడగడా అప్పజెప్పేది కాబట్టి గణితంలో మంచి గ్రేడే పడింది. ఒకటి నుంచి ఐదు తరగతుల వరకు మౌఖికంగా ఒక్కొక్క పిల్లనూ కూర్చోబెట్టి అడగకుండా ఏ గ్రేడు వేసినా అది ఊహే. 2021 జులైలో మొదలైన కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతినే గడువుగా పెట్టుకోవడానికి కారణం కూడా ఇదే: చదవడం, లెక్క చేయడం అక్కడికి రాకపోతే ఆ పైన ప్రతి పాఠం వాటి మీదే కడతారు కాబట్టి ప్రతిదీ కుంగుతుంది.

ఇరవై నిమిషాల పరీక్ష

ఎస్ఏ-1 తర్వాత 25 మార్కుల లోపు వచ్చిన పదకొండు మందిని ఒక్కొక్కరిగా పిలిచి 20 నిమిషాలు కూర్చోబెట్టారు. తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చారు. రబ్బరు మాత్రం ఇవ్వలేదు, ఎందుకంటే చెరిపేసిన తప్పులోనే అసలు సంగతి ఉంటుంది. ఈ అమ్మాయి రాసినవి ఇవి.

‘ఆరువేల యాభై’ అంకెల్లో రాయమంటే 600050 రాసింది. వినిపించినదాన్ని వినిపించినట్టు 6000, 50 పక్కపక్కన పెట్టింది.

503 – 178 = 475. ఇది అజాగ్రత్త కాదు. ప్రతి స్థానంలో పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసింది: 5లో 1 పోతే 4, 7లో 0 పోతే 7, 8లో 3 పోతే 5. సరైన జవాబు 325. అదే అమ్మాయి 589 – 243 తప్పు లేకుండా చేసింది, కాబట్టి తీసివేత రాదని రాస్తే అబద్ధం అవుతుంది. పై అంకె చిన్నదైనప్పుడు ఏం చేయాలో రాదు. మధ్యలో సున్నా ఉంటే అసలే రాదు.

24 × 36 = 216. ఆరుతో గుణించి 144, మూడుతో గుణించి 72, రెండూ ఒకే చోట రాసి కూడింది. 36లోని 3 అంటే ముప్పై అన్న సంగతి లేదు. ఇదీ స్థానవిలువ లోపమే. 816 ÷ 8 = 12. మధ్యలోని సున్నా పోయింది. 1/2 + 1/3 = 2/5. –7 + 3 = –10.

ఆరు తప్పులున్నా లోపాలు ఆరు కావు. మొదటి నాలుగింటికీ మూలం ఒక్కటే, స్థానవిలువ. భిన్నాలు రెండోది, రుణసంఖ్యలు మూడోది. 80కి 14 అన్న అంకె చూస్తే పిల్లకు ఏమీ రాదనిపిస్తుంది. కాగితం చూస్తే మూడు చోట్ల పని చేస్తే చాలని తెలుస్తుంది.

తర్వాత ఒక రాతలెక్క ఇచ్చారు: ఒక డ్రమ్ములో 360 లీటర్ల నీళ్ళు, 15 లీటర్ల బిందెలు ఎన్ని నిండుతాయి? దీన్ని నాలుగు మెట్లలో అడగాలి. పైకి చదువు. నీ మాటల్లో చెప్పు. ఏ గుర్తు వాడాలి? ఇప్పుడు చెయ్యి. ఈ అమ్మాయి ఇంగ్లీషులో చదవలేక ఆగింది. ద్విభాషా పుస్తకంలో పక్క పేజీలా తెలుగులో ఇస్తే తడబడుతూ చదివి, భాగహారం అని వెంటనే చెప్పి, చేయడంలో తప్పింది. అదే 14 మార్కులు వచ్చిన మరో అబ్బాయి తెలుగులోనూ చదవలేకపోయాడు. ఒత్తులు, సంయుక్తాక్షరాలు వచ్చిన ప్రతిచోటా పదాన్ని ఊహించాడు. కానీ లెక్క చదివి వినిపించగానే నోటితోనే 24 అని చెప్పేశాడు. ఇద్దరికీ ఒకే మార్కు. ఒకరికి కావలసింది గణితం, మరొకరికి కావలసింది చదవడం. మొదట పదకొండు మందినీ మార్కుల ప్రకారం ఒకే గుంపుగా పెట్టారు. ఈ పరీక్ష తర్వాత ఆ గుంపును విడదీశారు. తప్పును బట్టే గుంపు కట్టాలి. మార్కును బట్టి కట్టిన రెమెడియల్ క్లాసులో సగం మందికి ఆ రోజు పాఠం అక్కర్లేనిదై ఉంటుంది, వారం తిరిగేసరికి వాళ్ళు రావడం మానేస్తారు.

పద్నాలుగు వారాలు

డిసెంబరు మొదటి వారం నుంచి ఏప్రిల్ రెండో వారం వరకు సంక్రాంతి, పరీక్షల వారాలు తీసేస్తే 14 పని వారాలు దొరికాయి. వారానికి 5 రోజులు, మొదటి బెల్లుకు ముందు 40 నిమిషాలు. బడి అయ్యాక పెట్టకూడదు. గాజువాక, మల్కాపురం ప్రాంతాల్లో చాలామంది ఆడపిల్లలకు సాయంత్రం నీళ్ళు పట్టడం, తమ్ముళ్ళను చూసుకోవడం ఉంటుంది. ఎంత మంచి క్లాసైనా హాజరు పడిపోతుంది. 40 నిమిషాలను 5, 15, 15, 5గా పంచారు: నోటిలెక్కలు, వస్తువులతో పని, ఒంటరిగా అయిదు లెక్కలు, తప్పులు చూసుకోవడం.

మొదటి నాలుగు వారాలు స్థానవిలువకే. సామాను: 500 చీపురుపుల్లల ముక్కలు, రబ్బరు బ్యాండ్లు, కాగితంతో కత్తిరించిన 100, 10, 1 రూపాయి నోట్లు. 503 అంటే వంద నోట్లు అయిదు, రూపాయి నోట్లు మూడు. పది నోటు ఒక్కటీ లేదు. 8 రూపాయలు ఇవ్వాలంటే వంద నోటు మార్చాలి: పది పదులు వస్తాయి, వాటిలో ఒక పది మళ్ళీ మార్చాలి. చేతిలో 4 వందలు, 9 పదులు, 13 రూపాయలు. ఇప్పుడు 178 ఇస్తే 325 మిగులుతుంది. ఈ మార్పిడి చేతితో చేయకముందే ‘పక్కింట్లో అప్పు తెచ్చుకో’ అని నేర్పితే పిల్ల సున్నా దగ్గర అప్పు ఎవరినడగాలో తెలియక నిలబడిపోతుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు పుల్లలు ఇస్తే చిన్నబుచ్చుకుంటారనే భయం టీచర్లకు ఉంటుంది. నోట్లతో మొదలుపెడితే ఆ ఇబ్బంది రాదు. పుల్లలు గుణకారం దగ్గర తీసుకోవచ్చు.

అయిదు నుంచి ఏడు వారాలు గుణకారం, భాగహారం. ఎనిమిది నుంచి పది వారాలు భిన్నాలు. మిగతా నాలుగు రుణసంఖ్యలు, సులభ సమీకరణాలు. ఈ చివరి భాగాన్ని క్లాసులో నడుస్తున్న పాఠానికి కలిపారు. 2ఎక్స్ + 3వై = 12కి సాధనలు కావాలంటే ఎక్స్ = 0 పెడితే 12 ÷ 3, ఎక్స్ = 3 పెడితే 6 ÷ 3. ఏడో వారం దాటిన పిల్లకు ఇది అందుతుంది. దాటని పిల్లకు ఇది తొమ్మిదో తరగతి పాఠంలా కనిపించినా ఆగేది భాగహారం దగ్గరే.

అనుకున్న 70 రోజుల్లో 58 రోజులే జరిగాయి. అన్నిటికంటే ఎక్కువ నష్టం సంక్రాంతి తెచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళకు వెళ్ళినవాళ్ళు సెలవులు అయిపోయిన రోజున రారు. ఈ అమ్మాయి తొమ్మిది రోజులు ఆలస్యంగా వచ్చింది. వచ్చాక సున్నా ఉన్న అయిదు తీసివేతలు ఇస్తే రెండింటిలో పాత తప్పే మళ్ళీ కనిపించింది. మూడు రోజులు వెనక్కి వెళ్ళి నోట్లు మళ్ళీ తీశారు. ఇలా జారడం మామూలే. అందుకే ప్రణాళిక రాసేటప్పుడే సంక్రాంతి తర్వాత వారాన్ని పునశ్చరణకు ఖాళీగా ఉంచాలి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే పొద్దున్న 40 నిమిషాలు 25కి తగ్గుతాయి. దానికీ ముందే చోటు పెట్టాలి.

తగ్గిన ఎఫ్ఏ

అదే సమయంలో ఎఫ్ఏ-3, ఎఫ్ఏ-4లను సరిగ్గా వేశారు. రాత అంశాలకు బోర్డు మీది లెక్కలు లెక్కలోకి రావు. నోటుబుక్కులోంచి పిల్ల సొంతంగా చేసిన అయిదు లెక్కలు తీసి, వాటిలో ఒకటి టీచరు ముందు మళ్ళీ చేయమన్నారు. చేయలేకపోతే ఆ అయిదుకూ సగం మార్కులే. ప్రాజెక్టుగా 15 రోజుల కరెంటు మీటరు రీడింగు ఇచ్చారు. రోజూ ఒకే వేళకు రీడింగు రాసి, నిన్నటిది తీసివేసి, వాడిన యూనిట్లు పట్టికలో పెట్టాలి. రీడింగులో సున్నాలు వస్తాయి కాబట్టి అప్పు తీసివేత తప్పించుకోలేరు. ఏ ఇద్దరి ఇంటి మీటరూ ఒకటి కాదు కాబట్టి కాపీ కూడా కుదరదు. మీటరు ఇంటివాళ్ళ వాటాలో ఉన్న అద్దె ఇళ్ళ పిల్లలకు బడి మీటరు అప్పజెప్పారు. భాగస్వామ్యానికి ప్రతి పిల్లకూ ఎఫ్ఏ మధ్యకాలంలో కనీసం మూడుసార్లు బోర్డు దగ్గరకు వచ్చే వంతు పెట్టి, తేదీ వేసి రాశారు. లఘు పరీక్షలో 20లో 6 మార్కులు పాత నైపుణ్యాల మీద.

ఫలితంగా ఎఫ్ఏ-3లో ఈ అమ్మాయికి 22, ఎఫ్ఏ-4లో 24. ఎఫ్ఏ-4 విడివిడిగా 4, 6, 5, 9. లఘు పరీక్ష 4 నుంచి 9కి పెరిగింది, మొత్తం మాత్రం 31 నుంచి 24కి పడింది. కార్డు చూసి తల్లి బడికి వచ్చింది. “ముందు బీ టూ వచ్చినాది కదండీ మాస్టారూ, ఇంత చదువుతుంటే ఇప్పుడు తగ్గిపోయిందేటి?” సబబైన ప్రశ్న. దానికి మాటలతో జవాబు చెప్పలేదు. డిసెంబరు కాగితం, మార్చి కాగితం పక్కపక్కన పెట్టి చూపించారు. ఒకదాని మీద 475, ఇంకోదాని మీద 325. లెక్కలు రాని తల్లికి కూడా చేతిలో నోట్లు పెట్టి చూపిస్తే అర్థమైంది. ఈ సంభాషణకు సిద్ధపడకుండా ఎఫ్ఏను సరిచేస్తే తల్లిదండ్రులు టీచరు కక్షగట్టారనుకుంటారు. ఆ ఒక్క భయంతోనే చాలామంది టీచర్లు తెలిసి కూడా 9లు వేస్తూ ఉంటారు.

ఎస్ఏ-2లో 80కి 31 వచ్చింది. నాలుగు ఎఫ్ఏలు 31, 32, 22, 24. మొత్తం 109, ఇరవైకి 10.9. కలిపితే 41.9, అంటే 42, డీ1కి ఒక మెట్టు పైన సీ2. ఏడో తరగతి 35తో పోలిస్తే అంకెల్లో తేడా కొద్దిదే. కానీ ఈ 42లో 31 పిల్ల ఒంటరిగా రాసినవి.

ప్రమోషన్ లిస్టు

తొమ్మిదో తరగతికి చట్టం రక్షణ లేదు. ప్రమోషన్ లిస్టు బడిలోనే తయారవుతుంది. పదో తరగతి ఉత్తీర్ణత శాతం మీద కన్నేసిన బడులు సరిగ్గా ఇక్కడే బలహీనమైన పిల్లల చేతికి టీసీ ఇచ్చి పంపుతాయి. పిల్లను కొలిచింది తక్కువ, వదిలించుకున్నది ఎక్కువ. ఇది మాకు మనసు మండే విషయం.

ఈ అమ్మాయి విషయంలో ఆపాలన్న వాదన ఒకటి వచ్చింది. పదిలో గణితం తప్పుతుంది, ఇంకో ఏడాది గట్టిపడితే మంచిదని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆపితే ఆ పిల్లకు మళ్ళీ దొరికేది తొమ్మిదో తరగతి పాఠాలే. లోపం ఉన్నది మూడులో, ఐదులో, ఆరులో. బహుపదులు రెండోసారి విన్నంత మాత్రాన 816ని 8తో భాగించడం రాదు. పైగా 14, 15 ఏళ్ళ ఆడపిల్ల తోటివాళ్ళు పదికి పోయి తాను మిగిలితే, రొయ్యల ఫ్యాక్టరీలోనో బట్టల షాపులోనో పనికి కుదిర్చే మాట ఇంట్లో ముందుకొస్తుంది. ఆపడం వల్ల మేలు జరగాలంటే ఆపిన ఏడాది వేరే బోధన ఉండాలి. అది ఉన్నప్పుడు ఆపకుండానే ఇవ్వవచ్చు.

నిర్ణయం: పదికి పంపడం, కానీ నిజం రాసి పంపడం. ప్రోగ్రెస్ కార్డుకు ఒక పేజీ జతచేశారు. వచ్చినవి: నాలుగంకెల స్థానవిలువ, సున్నాలతో తీసివేత, రెండంకెల గుణకారం, సమాన హారాలున్న భిన్నాలు. సగం వచ్చినవి: సున్నా ఉన్న భాగహారం, అయిదింటిలో మూడు; అసమాన హారాలు, అయిదింటిలో రెండు. రానివి: రుణసంఖ్యల కూడిక స్థిరంగా రావడం లేదు, దాని వల్ల సమీకరణాల్లో పక్షం మార్చినప్పుడు గుర్తు తప్పుతోంది.

పదో తరగతికి ఇలాంటి పిల్లను ఎలా నడపాలో లెక్క వేసి చూపవచ్చు. 100 మార్కుల గణితం పేపర్లో 1 మార్కువి 12, 2 మార్కులవి 8, 4 మార్కులవి 8, 8 మార్కులవి 5. మొదటి రెండు విభాగాలు కలిపి 28. పాస్ మార్కు 35. గ్రాఫులు, సాంఖ్యక శాస్త్రం వంటి కొన్ని అధ్యాయాలు పట్టుకుంటే 35 దాటించవచ్చని ప్రతి గణితం మాస్టారికీ తెలుసు. దాటించాలి కూడా, ఎందుకంటే ఆ సర్టిఫికెట్ లేకుండా పాలిటెక్నిక్ దారీ, ఇంటర్ దారీ తెరుచుకోవు. తప్పితే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. కానీ భాగహారం రాకుండా ఆ 35తో పాలిటెక్నిక్‌లో చేరిన పిల్ల మొదటి సెమిస్టరులోనే ఇరుక్కుంటుంది. అందుకని 35 ప్రణాళిక జనవరి నుంచి మొదలుపెట్టి, జూన్ నుంచి డిసెంబరు వరకు పొద్దుటి 40 నిమిషాలు మిగిలిన మూడు లోపాలకే కేటాయించారు.

ఒక కాగితం పని కూడా ఈ దశలోనే చేయాలి. శ్రీకాకుళం పల్లె, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) బడి, ప్రైవేటు బడి, ఉన్నత పాఠశాల — నాలుగు బడులు మారిన పిల్లకు ప్రతి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ ఇప్పుడే తెప్పించాలి. రేపు లోకల్ అభ్యర్థిగా తేలడానికి అర్హత పరీక్షకు ముందు వరుసగా చదివిన సంవత్సరాలు చూస్తారు. చిన్న ప్రైవేటు బడులు మూతపడితే ఆ తర్వాత ఆ కాగితం కోసం తిరగడం చాలా కష్టం. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో, టీసీలో, అడ్మిషన్ రిజిస్టరులో ఒకేలా ఉన్నాయో లేదో పది పరీక్షకు పంపే పేర్ల జాబితా (నామినల్ రోల్స్) కంటే ముందే చూడాలి. ఈ అమ్మాయి ఇంటిపేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది.

జతచేసిన పేజీ అడుగున పదో తరగతి గణితం టీచరు కోసం మూడు లెక్కలు రాసి పెట్టారు: 816 ÷ 8, 1/2 + 1/3, –7 + 3. జూన్ 12న బడి తెరిచిన వారంలోనే, కొత్త పాఠం మొదలుపెట్టకముందు, పిల్లను పక్కన కూర్చోబెట్టి రబ్బరు ఇవ్వకుండా ఇవి చేయించాలి. వేసవి సెలవుల్లో ఎంత జారిందో ఆ కాగితం చెబుతుంది.